శ్రమల దినాలు నలభై రోజులూ ఎలా గడపాలి: ప్రతి ఏడూ మధ్యలో ఆపేసేవాళ్ల కోసం

లెంట్ అంటే ఈస్టర్ ముందు వచ్చే నలభై ఉపవాస దినాలు. ఫిబ్రవరి వచ్చిందంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, ఈసారి లెంట్‌లో ఏం మానేయాలి?" మార్చిలో అదే మనిషి మళ్లీ వస్తుంది, గొంతు తగ్గించి. "అక్కా, పన్నెండు రోజులకే ఆగిపోయింది. ఇంక ఈ ఏడుకి వదిలేయనా?"

వదిలేయొద్దు. తిరుపతిలో సండే స్కూలు పాఠాలు చెప్పుకుంటూ, ఇల్లూ ఉద్యోగమూ నెట్టుకొస్తూ, నేను చెడగొట్టుకున్న లెంట్‌లు చాలానే ఉన్నాయి. వాటి నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. వేదాంతం కావాలంటే మీ చర్చి అయ్యగారిని (పాస్టరును) అడగండి.

పేర్ల గొడవ ముందే తేల్చుకుందాం. లెంట్‌ను లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఇళ్లలో శ్రమల దినాలు అంటాం, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు తపస్సుకాలం అంటారు. మొదటి రోజు మాకు భస్మ బుధవారం, వాళ్లకు విభూది బుధవారం. చిత్తూరు వైపు అమెరికా నుంచి వచ్చిన ఆర్కాటు మిషన్ నాటిన సంఘాలు (చర్చిలు), శ్రీకాళహస్తి, నాయుడుపేట, గూడూరు వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ లూథరన్ సంఘాలు. పెళ్లిళ్లతో అందరం కలిసిపోయాం కాబట్టి ఒకే ఇంట్లో అత్తది ఒక ఆచారం, కోడలిది ఒక ఆచారం. కొన్ని స్వతంత్ర సంఘాల్లో లెంట్ అనే మాటే ఉండదు. బైబిల్లో అలాంటి ఆజ్ఞ లేదంటారు, అదీ నిజమే. మీది అలాంటి సంఘమైతే నలభై రోజుల ప్రార్థన అనుకుని చదవండి. చేసే పని ఒకటే.

కావలసినవి

- గోడ క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్ను. దారం లేకపోతే రెండో రోజుకే పెన్ను పిల్లల బ్యాగులో ఉంటుంది.
- బైబిలు. ఫోన్లోది వద్దు, పుస్తకమే.
- మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి, నాలుగు ఎండుమిరపకాయలు.
- చిల్లర వేసుకోవడానికి ఖాళీ సీసా.
- మీ తప్పు మీ మొహమ్మీదే చెప్పే ఇంటిమనిషి ఒకరు. ఇది దొరక్కపోతే మిగతావన్నీ ఉన్నా పెద్దగా లాభం లేదు.

1. ముందు క్యాలెండరు దగ్గర కూర్చోండి

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం యేసు ప్రభువు మరణం నుంచి లేచిన రోజు కాబట్టి అది ఉపవాస దినం కాదు. "46 ఉన్నాయేంటక్కా, తప్పు ముద్రించారా" అని ఏటా ఒకరైనా అడుగుతారు. తప్పు కాదు.

2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. 2028లో మార్చి 1, ఏప్రిల్ 16. ఈ రెండు తేదీలకూ సున్నా చుట్టి, మధ్యలో మీకు అడ్డొచ్చేవన్నీ రాయండి: పిల్లల పదో తరగతి పరీక్షలు, మీ నైట్ డ్యూటీలు, ఊళ్లో సీమంతం, ఆఫీసులో మార్చి నెలాఖరు లెక్కలు. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుల్లో చేసే తమ్ముళ్లు షిఫ్టు మారే వారాన్ని తప్పకుండా గుర్తు పెట్టుకోండి. నేను చూసినంతలో ఎక్కువమంది ఆగిపోయేది ఆ వారంలోనే. భక్తి తక్కువై కాదు, నిద్ర తక్కువై. అలాంటి రోజుల్లో ఏం చేయగలరో ముందే రాసుకోండి. సగం చేసినా క్యాలెండరులో టిక్కే.

2. మానేది ఒకటి, పట్టుకునేది ఒకటి

మాంసం, కాఫీ, సీరియల్, ఫోను, కోపం, అన్నీ ఒకేసారి మానేస్తామని బుధవారం పొద్దున అనుకుంటాం. శుక్రవారానికి కోపం ఒక్కటే మిగులుతుంది.

ఒకటే ఎంచుకోండి. అది ఖాళీ చేసే సమయంలోనో డబ్బులోనో ఏం పెడతారో పక్కనే రాయండి. రాత్రి తొమ్మిది తర్వాత రీల్స్ మానేస్తే ఆ అరగంటలో ఏం చేస్తారు? ఏదీ రాయకపోతే, మూడో రోజు ఆ అరగంట మళ్లీ రీల్స్‌కే పోతుంది. ఫోను పూర్తిగా కట్టేయాల్సిన పనిలేదు. ఆఫీసు మెసేజీలు చూడక మాట పడ్డవాళ్లున్నారు. తొమ్మిదయ్యాక వంటింట్లో చార్జింగుకు పెట్టి, పడుకునే గదిలోకి తేకండి, చాలు.

మాంసం మానేవాళ్లకు ఒక మాట. ఆదివారం కోడికూర తినొచ్చా అని ప్రతి ఇంట్లో పంచాయితీ నడుస్తుంది. ఆదివారాలు లెక్కలోకి రావు కాబట్టి తినొచ్చు. 46 రోజులూ ముట్టం అనే ఇళ్లూ బోలెడు. ఏదైనా సరే, మొదటి రోజే తేల్చుకోండి. నాలుగో ఆదివారం పొయ్యి దగ్గర తేల్చుకుంటే అది పండుగ దాకా సాగుతుంది. సంగటిలోకి నాటుకోడి పులుసు బదులు ఊరుబిండి పచ్చడి పెట్టుకోండి, లోటేమీ తెలియదు. అది మరీ రుచిగా ఉంటే త్యాగం ఎలా అవుతుందని మా వాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

3. ఉపవాసం: ఎండ సంగతి మర్చిపోకండి

ఇక్కడ కాస్త ఎక్కువే చెప్తాను. అందరూ దెబ్బతినేది ఇక్కడే.

పెళ్లైన కొత్తలో నేను శుక్రవారాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు కూడా ముట్టకుండా ఉన్నాను. మార్చి నెలాఖరు, మన తిరుపతి ఎండ, బస్సులో నిలబడి ఇంటికి ప్రయాణం. ఇంటికొచ్చేసరికి కణతలు పగిలిపోతున్నాయి. మా అత్త కాఫీ అడిగింది. గ్లాసు తీసుకెళ్లి ఆమె ముందు టక్కున పెట్టాను, సగం కాఫీ బండ మీద ఒలికింది. ఆమె గుడ్డ తెచ్చి తనే తుడిచింది. తుడుస్తూ తల ఎత్తకుండా అంది: "అన్నం తినేయ్ మే. మేమన్నా బతుకుతాం."

ఆ శుక్రవారం ఉపవాసం ఉన్నది నేను, దాని ఖర్చు కట్టింది ఆమె. అప్పట్నుంచి పద్ధతి మార్చుకున్నా.

- నీళ్లు మానొద్దు. ఎండాకాలంలో నీళ్లు లేని ఉపవాసం మన ఊరికి పనికిరాదు. పలచటి మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి. పాలు కూడా వద్దనుకునేవాళ్లు నిమ్మకాయ నీళ్లు తాగండి.
- ముందురోజు రాత్రి రాగిసంగటో రాగిజావో తినండి. బిర్యానీ తిని ఉపవాసం మొదలుపెడితే దాహంతో చస్తారు.
- వారానికి ఒక్క రోజుతో మొదలుపెట్టండి. ఒక పూట మానినా ఉపవాసమే.
- సాయంత్రం విడిచేటప్పుడు ముందు నీళ్లు, ఒక అరటిపండు, పది నిమిషాలు ఆగి అన్నం. బజ్జీలతో విడిచినవాళ్లకు రాత్రంతా కడుపుమంట ఖాయం.
- ఆర్‌సీఎం వాళ్లకు విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే నియమం ఉంది: 18 నుంచి 59 ఏళ్ల మధ్యవాళ్లు ఒక పూట నిండుగా, మిగతా రెండు పూటలు కొద్దిగా తినాలి. 14 దాటినవాళ్లు ఆ రోజుల్లో మాంసం ముట్టకూడదు. అంటే సంఘం పెట్టిన నియమంలోనే ఒక పూట భోజనం ఉంది. దానికన్నా కఠినంగా ఉండి మంచం పట్టాలని ఎవరూ అడగలేదు.

వీళ్లు ఉపవాసం ఉండకూడదు: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, టీబీ మందులు వాడేవాళ్లు, పరీక్షలు రాసే విద్యార్థులు. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా ఒక్క పూట కూడా మానకూడదు. మందు వేసుకుని అన్నం మానేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, కళ్లు తిరగడం, తిక్కగా మాట్లాడటం కనిపిస్తే అది ఆత్మీయ అనుభవం కాదు. షుగరు చూసే మిషన్లో 70 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. ఇంకా 70 కన్నా తక్కువే ఉంటే మళ్లీ ఇచ్చి ఆసుపత్రికి బయల్దేరండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

వీళ్లకు బదులు మార్గం: తినండి, కానీ ఒక పూట టిఫిన్ ఖర్చుకు సరిపడా సీసాలో వేయండి. లేదా వాకిట్లో నీడన ఒక కుండా గ్లాసూ పెట్టి, పొద్దునా మధ్యాహ్నమూ మీరే నింపండి. మా వీధిలో ఒక పెద్దాయన మోకాళ్లు నొప్పులతో చర్చికి కూడా రాలేడు. మూడేళ్లుగా ఆ కుండే ఆయన లెంట్.

ఇంకొకటి. ఉపవాసం ఉన్నట్టు నలుగురికీ తెలియనీయొద్దని, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమని ప్రభువే చెప్పాడు (మత్తయి 6). కాబట్టి స్టేటస్‌లో "ఉపవాస దినం 7" అని పెట్టకండి. ఎవరైనా తినమని బలవంతపెడితే "కడుపు సరిగా లేదు" అని అబద్ధమూ చెప్పకండి. "ఇప్పుడొద్దులే, సాయంత్రం తింటా" అంటే సరిపోతుంది.

పక్కింటివాళ్ల సంగతి కూడా వస్తుంది. 2026లో ఉగాది మార్చి 19న, సరిగ్గా మన లెంట్ మధ్యలో పడింది. రంజాన్ నెల కూడా ఇంచుమించు మనతోపాటే మొదలైంది. నేను ఆ ఏడు తీపి మానేశాను. ఎదురింటామె విస్తరాకులో నాలుగు ఓళిగలు (బొబ్బట్లు) పెట్టి తెచ్చింది. ఆమె ఎదురుగానే ఒకటి తిన్నా, నెయ్యి అడిగి మరీ. క్యాలెండరులో ఆ రోజు టిక్కు కూడా పెట్టా. మీ అయ్యగారు ఒప్పుకోకపోవచ్చు, అది మీరూ ఆయనా చూసుకోండి.

4. చదవడానికి నలభై అధ్యాయాలు

మార్కు సువార్త 16 అధ్యాయాలు, లూకా 24. కలిపితే 40. రోజుకొకటి, ఆదివారాలు వదిలేసి. మార్కుతో మొదలుపెడితే 16వ అధ్యాయం రెండో వారం శనివారానికి అవుతుంది, సోమవారం లూకా 1 ఎత్తుకుంటారు. అలా వెళ్తే లూకా 22, అంటే ప్రభువు బల్ల (శిష్యులతో చివరి భోజనం), సరిగ్గా గుడ్ ఫ్రైడే ముందురోజు, పరిశుద్ధ గురువారం వస్తుంది. లూకా 23, అంటే సిలువ, గుడ్ ఫ్రైడే నాడు. మొదటిసారి వేళ్ల మీద లెక్కపెట్టినప్పుడు నేనే నమ్మలేదు. మీరూ క్యాలెండరు మీద వేసి చూడండి.

చివరి అధ్యాయం, లూకా 24, శనివారం వాటా. దాన్ని చదవకుండా ఆపుకుని ఆదివారం తెల్లవారుజామున చదవండి. శనివారం ఏమీ చదవకండి, ఆ రోజు అలా ఖాళీగానే ఉండనీయండి.

జాగ్రత్త: లూకా 1లో 80 వచనాలున్నాయి. "పది నిమిషాల్లో అయిపోతుందిలే" అని పడుకునే ముందు తెరిస్తే నిద్రపోతారు. ఆ రోజు పొద్దునా రాత్రీ రెండు ముక్కలు చేసుకోండి. చదువు రానివాళ్లుంటే ఇంట్లో ఒకరు పైకి చదవండి. మా ఇంట్లో పదేళ్ల పిల్ల చదువుతుంది, కష్టమైన పేర్ల దగ్గర ఆగి అందరి మొహాలూ చూస్తుంది.

చదివారో లేదో తెలుసుకోవాలంటే మర్నాడు కాఫీ తాగుతూ, నిన్నటి అధ్యాయంలో ఒక్క సంగతి చెప్పుకోండి. గుర్తు రాకపోతే మళ్లీ చదవాల్సిన పనిలేదు గానీ, చదివే వేళ మార్చాలి.

5. పిడికెడు బియ్యం

మన అమ్మమ్మల పద్ధతి ఇది. అన్నానికి బియ్యం కొలిచాక, కడగకముందే, కొలిచినదాంట్లోంచి ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేయాలి. బస్తాలోంచి కొత్తగా తీసి వేయకూడదు. అలా వేస్తే మన కంచంలో ఏమీ తగ్గదు కదా.

నా పిడికిలి తూకం వేస్తే సుమారు 45 గ్రాములు వచ్చింది. నలభై రోజులకు 1,800 గ్రాములు, ఇంచుమించు రెండు కిలోలు. ఒక మనిషికి వారం పైన వస్తుంది. నలుగురు కలిస్తే ఒక ఇంటికి వారం గడుస్తుంది.

ఎండుమిరపకాయలు ఎందుకంటే పురుగు పట్టకుండా. ఒకసారి డబ్బాకు మూత సరిగా పెట్టక, పండుగ ముందు తెరిస్తే నల్లటి ముక్కపురుగులు గోడెక్కుతున్నాయి. ఆ బియ్యం ఇవ్వలేక ఎండబెట్టి, జల్లించి మేమే తిని, మంచి బియ్యం కొనిచ్చాం. మనం తినని బియ్యం ఎవరికీ ఇవ్వకండి.

ఈస్టర్‌కు ముందు ఆదివారం, మట్టల ఆదివారానికల్లా ఎవరికివ్వాలో తేల్చుకోండి. ఈస్టర్ దాటితే ఆ డబ్బా వచ్చే ఏడు దాకా అటక మీదే ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఫోటో వద్దు. సీసాలో చిల్లర ఉంటే అదీ కలిపి ఇవ్వండి.

6. తెగిన మాట కలపడం

అన్నిటికన్నా కష్టమైనది ఇదే, అందరూ చివరి వారానికి వాయిదా వేసేదీ ఇదే. మూడో వారంలోనే చేయండి.

ఒక్కరి పేరు రాసుకోండి. ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు, వాక్యం కార్డులు పంపడం అసలే వద్దు. రెండే మాటలు: "అన్నా, పోయినేడు పెళ్లిలో నేనన్న మాట తప్పు. అది చెప్దామనే చేశా." ఇంక ఆపండి. "కానీ నువ్వు కూడా" అని మొదలైతే పాత గొడవకు కొత్త అధ్యాయం రాసినట్టే. అవతలివాళ్లు ఫోను పెట్టేస్తే పెట్టేయనీయండి, మీ టిక్కు మీరు పెట్టుకోండి. పొలం గట్టు తగాదా ఒక్క ఫోనుతో తేలదు. కాగితాల సంగతి కాగితాల దారిలోనే చూసుకోండి, మనిషితో మాట మాత్రం కలపండి.

హెచ్చరిక: మిమ్మల్ని కొట్టిన, వేధించిన మనిషి దగ్గరికి లెంట్ పేరు చెప్పి మిమ్మల్ని ఎవరైనా పంపుతుంటే వెళ్లకండి. దానికి ఈ మెట్టు కాదు.

మధ్యలో ఆగిపోతే

పోయిన రోజుల్ని వడ్డీతో కలిపి తీర్చాలని చూడకండి. పది అధ్యాయాలు ఒక్క రాత్రి చదివితే ఒక్కటీ గుర్తుండదు. ఈ రోజు తేదీకి ఏ అధ్యాయం ఉందో అక్కడే దిగండి. ఆగినచోట క్యాలెండరులో ఎందుకు ఆగిందో రెండు ముక్కలు రాయండి: "పెళ్లి", "జ్వరం", "విసుగు". వచ్చే ఏడు మొదటి మెట్టు దగ్గర అది అక్కరకొస్తుంది. నా పాత క్యాలెండర్లలో ఒకే వారంలో మూడేళ్లు వరసగా "కరెంటు బిల్లు గొడవ" అని ఉంది. నాకూ మా ఆయనకూ ఇప్పటికీ నవ్వొస్తుంది.

మూడో వారం చివర, మీ తప్పు మొహమ్మీదే చెప్పే ఆ ఇంటిమనిషిని అడగండి: "నేను ఈ రోజుల్లో ఎట్లా ఉన్నా?" మా అత్త ఒక ఏడు "పోయినేడు కన్నా గ్లాసులు నెమ్మదిగా పెడతన్నావ్" అంది. బరువు ఎంత తగ్గారో మాత్రం చూసుకోకండి, అది వేరే లెక్క.

7. పరిశుద్ధ వారం

మట్టల ఆదివారం చర్చిలో ఇచ్చిన మట్టను ఇంటికి తెచ్చుకోండి, దాంతో తర్వాత పనుంది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. జనం కిక్కిరిసి ఉంటారు, సగంమంది ఖాళీ కడుపుతో ఉంటారు, ఎవరో ఒకరు కళ్లు తిరిగి పడతారు. కిటికీ పక్కన కూర్చోండి, నీళ్ల సీసా దగ్గరుంచుకోండి. ఆ రోజు సెలవు దొరకని నర్సులు, బస్సు డ్రైవర్లు, లాడ్జీల్లో పనిచేసేవాళ్లు ఏడు మాటలూ ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోండి: లూకా 23:34, లూకా 23:43, యోహాను 19:26-27, మత్తయి 27:46, యోహాను 19:28, యోహాను 19:30, లూకా 23:46. డ్యూటీలో సందు దొరికినప్పుడల్లా ఒకటి చదవండి. ఆర్‌సీఎం వాళ్ల సిలువ మార్గం 14 స్థలాలూ చంటిపిల్లలతో నడవలేకపోతే, నడిచినంత దూరం నడిచి నీడన కూర్చోండి.

8. సమాధుల తోట, ఈస్టర్ తెల్లవారుజాము

శనివారం ఎండెక్కకముందే వెళ్లి గడ్డి పీకి, మీవాళ్ల సమాధికి సున్నం కొట్టండి. రాళ్ల సున్నం మీద నీళ్లు పోస్తే సలసల కాగి కళ్లలోకి చిమ్ముతుంది. ముందురోజే ఇంట్లో, ప్లాస్టిక్ బకెట్లో కాకుండా ఇనప బకెట్లో, పిల్లల్ని దూరంగా ఉంచి తడిపి పెట్టుకోండి. పేరు మీద నల్ల రంగు దిద్దాలంటే సున్నం ఆరాకే. తడి మీద దిద్దితే తాతగారి పేరు కారిపోతుంది, మాకు అయింది.

ఆదివారం చీకటితో వెళ్తాం. కొవ్వొత్తి నేల మీద అంటిస్తే గాలికి ఆరిపోతుంది, పైగా ఎండుగడ్డి అంటుకుంటుంది. కొబ్బరిచిప్పలో ఇసుక పోసి అందులో గుచ్చండి. తిరిగొచ్చేటప్పుడు ఆర్పి రండి. పూలు వేశాక, అక్కడే నిలబడి లూకా 24 చదవండి. ఎవరి ఫోను టార్చి వాళ్లు పట్టుకుంటే పుస్తకం చక్కగా కనిపిస్తుంది. చదవడం అయ్యేసరికి తూర్పు తెల్లబడుతుంది.

పండుగ భోజనం దగ్గర ఒక్క జాగ్రత్త. నలభై రోజులు మాంసం మానిన కడుపులో ఒకేసారి మటన్ బిర్యానీ కుక్కితే సోమవారం ఆఫీసు ఉండదు.

సోమవారం బియ్యం డబ్బా కడిగి బోర్లించండి, క్యాలెండరు చుట్టి దాచండి. మట్టను సిలువలా మడిచి అల్మారా పైన పెట్టండి, ఎండితే గలగలమంటుంది, పిల్లల చేతికి అందితే ముక్కలవుతుంది. మీ సంఘంలో భస్మం రాసే ఆచారం ఉంటే వచ్చే భస్మ బుధవారానికి వారం ముందు దాన్ని తీసుకెళ్లి అయ్యగారికి ఇవ్వండి. ఆ బూడిద చేసేది ఈ మట్టలు కాల్చే.